రెండు చరుపులు

కావలి బైపాసు పక్కన రేకుల కింద నా కొట్టు.
పొద్దున్నే పికప్పొకటి వెనక్కి జరుగుతా,
నిద్రపోయేవాళ్లని లేపుతా,
కీ కీ కీ అని ఏడుస్తా వచ్చింది.
దాని వెనక నేనూ లేను, గోడా లేదు.
రాత్రి వాన మడుగొకటి, అందులో కాస్త ఆకాశం.

దిగాడు పెంచలయ్య.
"ఇదీ దీని వరస. ఏమీ లేకుంటే గోల పెడతది.
మొన్న ఇసకపల్లి గుంటల కాడ
ఏరేటరు మోటారుంది వెనకాల,
అప్పుడు మాత్రం నోరు మెదపలా.
ఆ డబ్బులు ఓనరు నా జీతంలో పట్టుకుంటన్నాడు."
బంపరు సొట్టని బొటనవేలితో తడిమాడు
సొంత మోకాలి దెబ్బ చూపించినట్టు.

తాళం తిప్పి, ఇంజను వెయ్యకుండా
రివర్సు గేరులో పెట్టమన్నా.
మీటరూ గీటరూ తర్వాత. ముందు వేలు.
ఒక్కో సెన్సారు మీద చూపుడువేలు ఆనిస్తే
బతికున్నది టిక్ టిక్ మంటుంది,
రూపాయి బిళ్లంత లేని నల్ల బొత్తాం లోపల
గువ్వపిల్ల గుండె.
మొదటిది కొట్టుకుంటోంది. రెండోదీ అంతే.
మూడోది రాయి.
నాలుగోది కొట్టుకుంటోంది గానీ
జ్వరమొచ్చినవాడి మాటల్లా తడబడతా ఉంది.

బంపరు విప్పితే తెలిసింది.
రొయ్యల ట్రేల నుంచి కారిన ఐసు నీళ్లు
ఇన్నాళ్లూ ఒకే దారిన దిగి
కనెక్టరు నిండా పచ్చగా పూసి ఉన్నాయి.
రాగిని ఉప్పు తింటే వచ్చే రంగు అది.
"కడిగితే పోదా?" అన్నాడు.
చేతికంటింది పోతుంది, తీగకంటింది పోదన్నా.
రెండూ మార్చాలన్నా. ఒకటి చాలన్నాడు.
రెండో టీ తాగాక రెంటికీ ఒప్పుకున్నాడు.

నెల్లూరు నుంచి పార్సిలు పదకొండింటి బస్సుకి దిగింది.

బిగించేటప్పుడు ఒక సంగతుంది.
సెన్సారు వీపున చిన్న బాణం గుర్తు,
అది పైకి చూడాల.
తిరగబడితే దాని చూపు నేల మీద పడుతుంది,
నడవాల్సిన నేలనే అడ్డమనుకుని అరుస్తుంది.
పోయినేడు మార్చినవాడెవడో
నాలుగోదాన్ని తలకిందులు పెట్టాడు.
అట్టాంటి మనిషొకాయన మా వీధిలోనూ ఉన్నాడు,
ఆయన సంగతి ఇప్పుడొద్దు.

తీగలు చుడుతుంటే, అడక్కుండానే చెప్పాడు:
"ఇయ్యి రాకముందు దశరథ ఉండేవాడు, క్లీనరు.
వెనక నిలబడి రానీ రానీ రానీ అంటా,
ఒక చరుపు కొడితే రమ్మని, రెండు కొడితే ఆపమని.
చీకట్లో, ముసురులో, గట్టు జానెడే మిగిలినా
బండికి గీత పడనీలా.
ఓనరు ఇయ్యి పెట్టించి వాణ్ణి మాన్పించాడు.
వాడిది రెండు వారాల బత్తా
నా కాడ మిగిలుంది."

మిగిలుందన్నాడు. బాకీ అనలేదు.
నేను టేపు పంటితో కొరికి తెంపాను.

పరీక్షకి గోడ వైపు రమ్మన్నా.
రెండు మీటర్ల దగ్గర ఒక కూత, ఆగి ఇంకోటి,
మీటరు దగ్గర తొందర,
ఆ తర్వాత సందు లేని ఒకటే కూత.
బండి అంతా సరిగ్గానే చెబుతోంది.
పెంచలయ్య తల మాత్రం కిటికీ బయట,
చెవి వెనక్కి పెట్టి
ఇంకా వస్తానే ఉన్నాడు.
జానెడు.
బెత్తెడు.
నాకు తెలీకుండానే నా అరచెయ్యి లేచి
పక్కరేకుని రెండుసార్లు చరిచింది.

ఆగాడు.

కూత మాత్రం ఆగలేదు కాసేపు,
నేను చెప్తానే ఉన్నాగా, చెప్తానే ఉన్నాగా అన్నట్టు.

బిల్లులో మూడొందలు తక్కువిచ్చి
"మళ్లీ లోడుకి ఇటే వస్తాగా" అన్నాడు.
దశరథకీ ఇదే మాట చెప్పి ఉంటాడు.
బండి రోడ్డెక్కినాక చెయ్యి చూసుకున్నా.
ఎర్రగా మంటగా ఉంది,
వేళ్ల సందున ఉప్పు.